కంప్యూటర్‌ను ఆపడం, రీస్టార్ట్ చేయడం, పదిలంగా వాడుకోవడం

ఒక మిత్రుడి కంప్యూటర్‌లో ప్రింటర్ ఉన్నట్టుండి పలకడం మానేసింది. ప్రింటుకు ఇచ్చిన పేజీలన్నీ వరసలో నిలిచిపోతున్నాయే తప్ప కాగితం కదలడం లేదు. ఫోన్లో విషయం చెబుతూ, “రోజూ రాత్రి షట్‌డౌన్ చేసే పడుకుంటాను, పొద్దున్నే ఆన్ చేస్తాను, అయినా అదే తంతు” అన్నాడు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవమన్నాను. అందులో పర్ఫార్మెన్స్ అనే భాగంలోకి వెళ్లి, సీపీయూ మీద నొక్కి, అడుగున ‘అప్ టైమ్’ అని ఉన్నచోట ఏ అంకెలున్నాయో చదవమన్నాను. మొదటి అంకె 19. అంటే ఆ యంత్రం తన లెక్కలో 19 రోజులుగా ఆగకుండా నడుస్తూనే ఉంది. “నిన్న రాత్రే కదా ఆపాను?” అని అతను ఆశ్చర్యపోయాడు. షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కమన్నాను. కంప్యూటర్ మళ్లీ తెరుచుకునేసరికి, నిలిచిపోయిన పేజీలన్నీ ఒకదాని వెనక ఒకటి బయటికొచ్చాయి.

విండోస్ కంప్యూటర్ వాడే చాలామందికి తెలియని సంగతి ఇదే. షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆపడమనీ, రీస్టార్ట్ అంటే ఏదో పైపైన ఒకసారి దులపడమనీ మనం అనుకుంటాం. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి వ్యవహారం తలకిందులైంది. రీస్టార్ట్ అన్నదే అసలైన కొత్త ప్రారంభం. మామూలు షట్‌డౌన్ సగం నిద్ర మాత్రమే.

షట్‌డౌన్ నొక్కినప్పుడు లోపల జరిగేది

దీనికి కారణం ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు. కంప్యూటర్ నడుస్తున్నప్పుడు ర్యామ్‌లో, అంటే కరెంటు ఉన్నంతసేపే నిలిచే తాత్కాలిక జ్ఞాపకంలో, రెండు రకాల సామగ్రి ఉంటుంది. ఒకటి మనం తెరిచిన ప్రోగ్రాములు, ఫైళ్లు. రెండోది వాటన్నిటికీ ఆధారంగా ఉండే విండోస్ మూలభాగం, దానితోపాటు ప్రింటర్, వైఫై, గ్రాఫిక్స్ వంటి వాటిని నడిపే డ్రైవర్లు. ఫాస్ట్ స్టార్టప్ అమల్లో ఉన్నప్పుడు షట్‌డౌన్ నొక్కితే మొదటి రకం నిజంగానే మూతపడుతుంది. రెండో రకం మాత్రం ఉన్నది ఉన్నట్టుగా సి డ్రైవ్‌లోని హైబర్‌ఫిల్.సిస్ అనే ఫైలులో భద్రపడుతుంది. మర్నాడు పవర్ బటన్ నొక్కినప్పుడు విండోస్ అన్నీ మొదటి నుంచి పేర్చుకోకుండా ఆ ఫైలును చదివి, నిన్న ఆగిన చోటు నుంచే మొదలుపెడుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్లు తెరుచుకోవడానికి నిమిషాలు పట్టే రోజుల్లో ఇది నిజంగా మేలు చేసిన ఉపాయం. అయితే నిన్న ఏదైనా డ్రైవర్ చిక్కులో పడి ఉంటే ఆ చిక్కు కూడా భద్రంగా దాచబడి పొద్దున్నే మనతోపాటు నిద్ర లేస్తుంది.

పూర్తిగా ఆగాలంటే మూడు దారులున్నాయి. మొదటిది, సందేహం వచ్చినప్పుడల్లా రీస్టార్ట్ చేయడం. ఫాస్ట్ స్టార్టప్ దీనికి వర్తించదు. రెండోది, షిఫ్ట్ కీని నొక్కి పట్టుకుని మెనూలో షట్‌డౌన్ మీద క్లిక్ చేయడం. అలా చేస్తే ఆ ఒక్కసారికి విండోస్ ఏమీ దాచుకోకుండా పూర్తిగా ఆగుతుంది. మూడోది, ఈ ఏర్పాటునే తీసేయడం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు నొక్కితే ఒక పేజీ వస్తుంది. అందులో మసకగా ఉన్న ఐచ్ఛికాలను మార్చుకోవడానికి పైన మరో లింకు ఉంటుంది. దాన్ని నొక్కిన తరువాత ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ ఎదుట ఉన్న టిక్కు తీసేసి సేవ్ చేయాలి.

తిరిగే పలకలు లేకుండా చిప్పుల్లోనే సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ ఉన్న కంప్యూటర్‌లో నేనైతే ఈ టిక్కు తీసేస్తాను. అక్కడ అది మిగిల్చే సమయం కొద్ది సెకన్లే కాబట్టి, ఆ సెకన్ల కోసం పాత చిక్కులను మోసుకు తిరగడం లాభసాటి బేరం కాదు. పాత హార్డ్ డిస్కే ఉంటే టిక్కును అలాగే ఉంచి, వారానికొకసారి రీస్టార్ట్ చేస్తే సరిపోతుంది. విండోస్‌తోపాటు లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్‌ను కూడా అదే యంత్రంలో పెట్టుకున్నవారు మాత్రం దీన్ని తప్పక తీసేయాలి. సగం నిద్రలో ఉన్న విండోస్ డ్రైవ్‌ను లినక్స్ చదవనిస్తుంది కానీ అందులో రాయడానికి సాధారణంగా ఒప్పుకోదు, బలవంతంగా రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది. మ్యాక్ వాడేవారికి ఈ గొడవ లేదు, అక్కడ షట్‌డౌన్ అంటే షట్‌డౌనే.

రీస్టార్ట్ ఎందుకు పనిచేస్తుంది, ఎప్పుడెప్పుడు చేయాలి

రీస్టార్ట్ అంటే మంత్రమేమీ కాదు. ప్రతి ప్రోగ్రామూ నడుస్తున్నంతసేపూ ర్యామ్‌లో కొంత చోటు అడిగి తీసుకుంటుంది, పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. రాసినవారి పొరపాటు వల్ల కొన్ని ప్రోగ్రాములు తీసుకున్నది ఇవ్వడం మరిచిపోతాయి. గంటకు కొంచెం చొప్పున అలా పోగుపడి, నాలుగైదు రోజులకు కంప్యూటర్ నత్తనడక పడుతుంది. మరికొన్ని ప్రోగ్రాములు ఒక ఫైలును తెరిచి వదలకుండా పట్టుకుని కూర్చుంటాయి, ఆ ఫైలును మనం చెరపబోతే ‘వాడుకలో ఉంది’ అనే జవాబు వస్తుంది. రీస్టార్ట్ చేసినప్పుడు ఈ పాత బాకీలన్నీ రద్దయి, ర్యామ్ ఖాళీ పలకలా మొదలవుతుంది.

ఎక్కువ కాలం ఆగకుండా నడవడమే సమస్యగా మారిన సందర్భాలు పెద్ద వ్యవస్థల్లోనూ ఉన్నాయి. విండోస్ 95, 98లలో ఒక లోపం వల్ల కంప్యూటర్ 49.7 రోజులు ఏకధాటిగా నడిస్తే బిగుసుకుపోయేది. కాలాన్ని మిల్లీసెకన్లలో లెక్కించే అంకె గరిష్ఠంగా 429 కోట్ల పైచిలుకు దాకానే పోగలదు, 49.7 రోజులకు అది నిండిపోయి మళ్లీ సున్నాకు వచ్చేది. ఆ విండోస్ అన్ని రోజులు మధ్యలో ఆగకుండా నడవడమే అరుదు కనుక ఆ లోపం చాలాకాలం ఎవరి కంటా పడలేదు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 2015లో బోయింగ్ 787 విమానాల విషయంలో ఒక ఆదేశమిచ్చింది. విద్యుత్తు జనరేటర్లను నియంత్రించే యూనిట్లు 248 రోజులు ఆగకుండా నడిస్తే వాటంతట అవే పనిమానే ప్రమాదం ఉంది కాబట్టి, ఆ గడువులోపే విమానం విద్యుత్తును పూర్తిగా ఆపి మళ్లీ ఇవ్వాలన్నది దాని సారాంశం. విమానాలకే తప్పనప్పుడు మన బల్ల మీది యంత్రానికి వారానికొక రీస్టార్ట్ బరువేమీ కాదు.

వారానికొకసారి కాకుండా విధిగా రీస్టార్ట్ చేయవలసిన సందర్భాలు మరికొన్ని ఉన్నాయి. అప్‌డేట్ దిగిన తరువాత, కొత్త డ్రైవర్ వేసిన తరువాత, యాంటీవైరస్ మార్చిన తరువాత ఆ పని వెంటనే చేయాలి. నడుస్తున్న ఫైలును మార్చడం విండోస్‌కు సాధ్యం కాదు కనుక, కొత్త ఫైలును పక్కన ఉంచుకుని రీస్టార్ట్ సమయంలోనే పాతదాని చోట పెడుతుంది. అంతవరకు ఆ భద్రతా మరమ్మతు దిగినా దిగనట్టే. మైక్రోసాఫ్ట్ ప్రతినెలా రెండో మంగళవారం ఈ భద్రతా అప్‌డేట్లు విడుదల చేస్తుంది, 2003 నుంచి ఇదే ఆనవాయితీ. ఆ వారంలో ఒక సాయంత్రాన్ని రీస్టార్ట్‌కు కేటాయించుకుంటే, అది ముఖ్యమైన పని మధ్యలో వచ్చిపడి ‘ఇప్పుడే చేయమంటారా’ అని వేధించదు.

సక్రమంగా ఆపే పద్ధతి

కంప్యూటర్‌ను ఆపేటప్పుడు గుర్తుంచుకోవలసినది ఒక్కటే, రాయవలసినదంతా అది డిస్క్ మీద రాసి ముగించేదాకా కరెంటు తీయకూడదు. మనం సేవ్ నొక్కగానే ఫైలు డిస్క్ మీదికి వెళ్లిపోయిందని అనుకుంటాం. వాస్తవానికి వేగం కోసం సిస్టమ్ ఆ సమాచారాన్ని కాసేపు ర్యామ్‌లోనే ఉంచి, వీలు చూసుకుని డిస్క్ మీదికి దించుతుంది. షట్‌డౌన్ ఆజ్ఞ అందగానే అది మొదట ప్రోగ్రాములన్నిటికీ సర్దుకొమ్మని చెబుతుంది, తరువాత వెనక నడిచే సేవలను ఆపుతుంది, ర్యామ్‌లో మిగిలిపోయిన రాతలను డిస్క్ మీదికి దించుతుంది, చివరికి విద్యుత్తును తానే ఆపేసుకుంటుంది. ఈ వరస పూర్తికాకముందే గోడ మీది స్విచ్ ఆపితే సగం రాసిన వాక్యం దగ్గర కలం లాగేసుకున్నట్టే.

అలా చేస్తే హార్డ్ డిస్క్‌లోని సూది పలక మీద గీరుకుపోతుందని చాలామంది భయపడతారు. ఈ కాలపు హార్డ్ డిస్కుల్లో కరెంటు పోయిన మరుక్షణమే ఆ భాగం తనంతట తాను పక్కకు తప్పుకుంటుంది కాబట్టి ఆ భయానికి ఇప్పుడు పెద్దగా ఆధారం లేదు. దెబ్బ తగిలేది ఫైళ్లకు. డిస్క్ మీద ఫైళ్లను అమర్చడానికి విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాసుకునే ఏర్పాటు ఉంది, అందువల్ల కరెంటు పోయినా డిస్క్ అమరిక చాలావరకు నిలబడుతుంది. కానీ ఆ చిట్టా కాపాడేది అల్మరాలోని అరల అమరికనే, అరలో సగం పెట్టిన మన కాగితాన్ని కాదు.

నేను పాటించే క్రమం చెబుతాను. ముందుగా తెరిచి ఉన్న ఫైళ్లను సేవ్ చేసి ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా మూసేస్తాను. ఒకేసారి షట్‌డౌన్ నొక్కితే ఏం పోతుందని అనిపించవచ్చు. పేరు పెట్టని ఫైలు ఏదైనా వెనక ఎక్కడో తెరిచి ఉంటే ఈ దశలోనే బయటపడుతుంది. తరువాత పెన్‌డ్రైవ్‌ను, బయటి హార్డ్ డిస్క్‌ను ఎజెక్ట్ చేసి, అంటే తీసేస్తున్నానని సిస్టమ్‌కు ముందుగా చెప్పి, తీస్తాను. 2018 తరువాతి విండోస్ 10 మొదలుకొని పెన్‌డ్రైవ్‌లకు వెంటనే తీసేయడానికి వీలయ్యే పద్ధతినే ముందుగా అమర్చి ఇస్తున్నారు కాబట్టి ఎజెక్ట్ అక్కర్లేదని వాదించేవారున్నారు. కాపీ జరుగుతుండగా లాగేస్తే మాత్రం ఏ పద్ధతీ కాపాడదు, అందుకే నాలుగు సెకన్లు పట్టే ఆ పనిని మానుకోవడానికి నాకు కారణం కనిపించదు. ఆ తరువాత స్టార్ట్ మెనూ నుంచి షట్‌డౌన్ నొక్కుతాను. మౌస్ మొరాయిస్తే విండోస్ కీతోపాటు ఎక్స్ నొక్కి, వరసగా యు, మళ్లీ యు నొక్కితే షట్‌డౌన్ అవుతుంది. రెండోసారి యు బదులు ఆర్ నొక్కితే రీస్టార్ట్ అవుతుంది.

ఆపబోతున్నప్పుడు ఒక్కోసారి నీలి తెర మీద, ఫలానా ప్రోగ్రామ్ ఇంకా మూతపడలేదని చెబుతూ ‘షట్‌డౌన్ ఎనీవే’ అనే బటన్ వస్తుంది. విసుగుతో దాన్ని నొక్కేయడమే అందరి అలవాటు. ఆ ప్రోగ్రామ్ పేరు పైనే కనిపిస్తుంది కాబట్టి ముందు అది చదవాలి. వర్డ్, ఎక్సెల్ వంటివి అయితే క్యాన్సిల్ చేసి వెనక్కి వెళ్లి సేవ్ చేయాలి, తెలియని పేరేదో అయితే ఒక నిమిషం ఆగి అప్పటికీ కదలకపోతే నిరభ్యంతరంగా నొక్కవచ్చు.

తెర నల్లబడగానే కంప్యూటర్ ఆగిపోయిందని అనుకోకూడదు. క్యాబినెట్ ముందున్న దీపం ఆరి, ఫ్యాను చప్పుడు నిలిచిన తరువాతే యూపీఎస్‌ను గానీ గోడ స్విచ్‌ను గానీ ఆపాలి. హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్ అయితే, నిమిషానికి 5,400 సార్లు తిరిగే పలకలు నెమ్మదించడానికి మరో పది సెకన్లు ఇచ్చి అప్పుడు కదిలించడం మేలు. ఇక ‘అప్‌డేట్ జరుగుతోంది, కంప్యూటర్‌ను ఆపవద్దు’ అన్న తెర వచ్చిందంటే ఆఫీసుకు ఆలస్యమవుతున్నా ఆగవలసిందే. ముఖ్యంగా విండోస్ కంటే ముందు యంత్రాన్ని మేల్కొలిపే బయోస్ అనే ప్రోగ్రామ్ అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే యంత్రం మళ్లీ తెరుచుకోకపోయే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి ల్యాప్‌టాప్‌ను చార్జరుకు తగిలించి గానీ ఆ పనికి పూనుకోకూడదు.

కదలకుండా బిగుసుకుపోయినప్పుడు

తెర బిగుసుకోగానే పవర్ బటన్ మీదికి చేయి పోకూడదు. ముందు కీబోర్డు మీద క్యాప్స్ లాక్ నొక్కి దాని దీపం వెలిగి ఆరుతోందో లేదో చూడాలి. దీపం స్పందిస్తే సాధారణంగా లోపల సిస్టమ్ బతికే ఉన్నట్టు, ఏదో ఒక ప్రోగ్రామే దారికి అడ్డుపడి ఉంటుంది. డిస్క్ దీపం మినుకుమినుకుమంటూ ఉంటే ఐదు నిమిషాలు వేచి చూడడంలో నష్టం లేదు. తరువాత టాస్క్ మేనేజర్ తెరిచి, స్పందించడం లేదని చూపిస్తున్న ప్రోగ్రామ్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ నొక్కాలి. తెర మాత్రమే గడ్డకట్టినట్టు అనిపిస్తే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ కీలతోపాటు బి నొక్కాలి. తెర ఒక్క క్షణం నల్లబడి, చిన్న కూత వినిపించి, గ్రాఫిక్స్ డ్రైవర్ ఒక్కటే కొత్తగా మొదలవుతుంది, తెరిచిన ఫైళ్లకు ఏమీ కాదు.

అదీ ఫలించకపోతే కంట్రోల్, ఆల్ట్, డిలీట్ నొక్కినప్పుడు వచ్చే తెరలో కుడివైపు అడుగున ఉన్న పవర్ గుర్తు నుంచి రీస్టార్ట్ ఎంచుకోవాలి. అదే గుర్తును కంట్రోల్ కీ పట్టుకుని నొక్కితే అత్యవసర రీస్టార్ట్ అడుగుతుంది, అందులో సేవ్ చేయనివన్నీ పోతాయి. ఏ దారీ లేనప్పుడు మాత్రమే పవర్ బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. చాలా కంప్యూటర్లలో నాలుగు సెకన్ల పైచిలుకు నొక్కి పడితే విద్యుత్తు తెగిపోతుంది, కొన్ని ల్యాప్‌టాప్‌లకు పది సెకన్లు కూడా పట్టవచ్చు. ప్లగ్ లాగడం కంటే ఇది నయమని కాదు, ఫైళ్లకు రెండూ ఒకటే. బటన్ వల్ల వైరు పీకులాట తప్పుతుంది, అంతే.

ఇలా బలవంతంగా ఆపవలసి వస్తే, మళ్లీ తెరుచుకున్నాక సి డ్రైవ్ ప్రాపర్టీస్‌లో టూల్స్ అనే భాగం తెరిచి చెక్ నొక్కి డిస్క్‌ను ఒకసారి పరీక్షించుకోవడం మంచిది. పదేపదే ఇలా జరుగుతుంటే, లోపల జరిగినవాటిని విండోస్ నమోదు చేసి చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ చిట్టాను తెరిచి చూడాలి. అక్కడ 41 అనే సంఖ్యతో ‘కెర్నెల్-పవర్’ అన్న నమోదు ఉంటే, యంత్రం సక్రమంగా మూతపడకుండానే మళ్లీ తెరుచుకుందని అర్థం. కారణమేమిటో ఆ నమోదు ఒక్కటే చెప్పదు. దానికి ముందున్న నమోదుల్లో డిస్క్ పేరు కనిపిస్తే డిస్క్ మీద, ఏమీ కనిపించకుండా హఠాత్తుగా ఆగిపోయి ఉంటే వేడి మీద గానీ విద్యుత్తు సరఫరా మీద గానీ అనుమానం పెట్టుకోవాలి.

స్లీప్, హైబర్నేట్, బ్యాగులోని ల్యాప్‌టాప్

స్లీప్‌లో ర్యామ్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది, మిగతావి దాదాపుగా ఆగుతాయి. హైబర్నేట్‌లో ర్యామ్‌లోని సరకంతా డిస్క్ మీదికి చేరి యంత్రం పూర్తిగా ఆగుతుంది, తెరిచినప్పుడు అన్ని కిటికీలూ ఉన్నచోటే కనిపిస్తాయి. గంటా రెండు గంటల విరామానికి స్లీప్, ప్రయాణానికి హైబర్నేట్ తగినవి. హైబర్నేట్ స్టార్ట్ మెనూలో లేకపోతే ఫాస్ట్ స్టార్టప్ టిక్కు ఉన్న పేజీలోనే దాన్ని మెనూలోకి చేర్చే టిక్కు కూడా ఉంటుంది.

మూత వేసి బ్యాగులో పెట్టిన ల్యాప్‌టాప్‌ను గంట తరువాత తీసేసరికి చేయి కాలేంత వేడిగా ఉండడం చాలామందికి అనుభవమే. ఇటీవలి ల్యాప్‌టాప్‌లలో స్లీప్ అనేది ఫోన్ నిద్ర లాంటిది. మూత వేసినా అది మధ్యమధ్య మేలుకుని మెయిల్, అప్‌డేట్లు చూసుకుంటుంది. గాలి ఆడని బ్యాగులో అలా మేలుకుని ఏ అప్‌డేట్ పనిలోనో పడితే వేడి పోయే దారి ఉండదు, బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది. బ్యాగులోకి వెళ్లే ల్యాప్‌టాప్‌ను హైబర్నేట్ గానీ షట్‌డౌన్ గానీ చేసి, దీపం ఆరిందని చూసుకున్నాకే జిప్ వేయాలి.

బ్యాటరీ మాట వచ్చింది కనుక ఇంకొక్క సంగతి. లిథియం అయాన్ బ్యాటరీకి వేడి, ఎప్పుడూ నూరు శాతం నిండి ఉండడం, ఈ రెండూ గిట్టవు. రోజంతా చార్జరుకు తగిలించి వాడేవారు తయారీదారు ఇచ్చిన ప్రోగ్రామ్‌లో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే వీలుంటే దాన్ని పెట్టుకోవాలి. నెలల తరబడి వాడకుండా పక్కన పెట్టేటట్టయితే సగం చార్జింగ్‌తో ఆపి దాచాలి.

కరెంటు, దుమ్ము

యూపీఎస్ ఉన్నది పని కొనసాగించుకోవడానికి కాదు, సేవ్ చేసుకుని సక్రమంగా ఆపుకోవడానికి. అది కూయడం మొదలుపెట్టాక ‘ఇంకో పేజీ ముగిద్దాం’ అనుకునేవారే ఫైలు పోయిందని బాధపడతారు. యూపీఎస్ వెనక యూఎస్‌బీ రంధ్రం ఉంటే దాన్ని కంప్యూటర్‌కు కలిపి, చార్జింగ్ తగ్గగానే కంప్యూటర్ తనంతట తానే ఆగేలా పవర్ అమరికల్లో పెట్టుకోవచ్చు. మనం ఇంట్లో లేనప్పుడు అదే కాపలా. లేజర్ ప్రింటర్‌ను మాత్రం బ్యాటరీ మద్దతున్న సాకెట్‌కు పెట్టకూడదు. కాగితాన్ని వేడిచేసే క్షణంలో అది లాగే కరెంటు చిన్న యూపీఎస్ మోయగలిగేది కాదు. లోపలి బ్యాటరీ సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లలో నీరసిస్తుంది. ఉరుములు మొదలైతే షట్‌డౌన్ చేసి ప్లగ్ పూర్తిగా ఊడదీయాలి, స్విచ్ ఆపినంత మాత్రాన సరిపోదు. ఇంటర్నెట్ వైరు ద్వారా కూడా పిడుగుపాటు ప్రభావం లోపలికి రాగలదు కాబట్టి దాన్నీ తీసేయాలి.

దుమ్ము ఫ్యాన్ల మీద, వేడిని బయటికి పంపే రెక్కల మధ్య పొరలుగా పేరుకుంటుంది. వేడి హద్దు దాటితే ప్రాసెసర్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ‘కంప్యూటర్ పాతబడి నెమ్మదించింది’ అని మనం అనుకునేవాటిలో కొన్ని నిజానికి దుమ్ము పట్టి నెమ్మదించినవే. ఆరు నెలలకొకసారి, పెంపుడు జంతువులున్న ఇంట్లో మూడు నెలలకొకసారి శుభ్రం చేయాలి. షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీసి, మిగిలిన విద్యుత్తు పోవడానికి పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలి, క్యాబినెట్ పక్క పలకను తెరవాలి. వీలైతే బాల్కనీలో చేయాలి. ఒత్తిడి గాలి డబ్బాను నిలువుగా పట్టుకోవాలి, వంచితే లోపలి ద్రవం చిమ్ముతుంది. ఒక్కో ఊదు రెండు సెకన్లకు మించకూడదు. ఊదేటప్పుడు ఫ్యాను రెక్క తిరగకుండా వేలితోనో ప్లాస్టిక్ పుల్లతోనో ఆపి పట్టుకోవాలి. వేగంగా తిరగనిస్తే బేరింగులు చెడవచ్చు, ఫ్యాను మోటారే కొద్దిగా విద్యుత్తు పుట్టించి బోర్డులోకి పంపవచ్చు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ గొట్టాన్ని లోపలికి పెట్టకూడదు, దాని కొన దగ్గర పుట్టే స్థిర విద్యుత్తు చిప్పులకు శత్రువు.

తెరను ఆపి ఉన్నప్పుడే తుడవాలి, నల్లటి తెర మీద మరకలు బాగా కనిపిస్తాయి కూడా. మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డను కొద్దిగా తడిపి తుడిస్తే చాలు. అద్దాలు తుడిచే అమ్మోనియా ద్రవాలు తెర మీది పూతను పాడుచేస్తాయి. ఏ ద్రవాన్నైనా గుడ్డ మీదే చల్లాలి, తెర మీద కాదు.

డిస్క్, స్టార్టప్, బ్యాకప్

కంప్యూటర్ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతుంటే టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ యాప్స్ అనే భాగం తెరిచి, విండోస్‌తోపాటే లేచి కూర్చునే ప్రోగ్రాముల పట్టికను చూడాలి. అడగకుండానే అందులో చేరినవి చాలా ఉంటాయి. యాంటీవైరస్, సౌండ్, టచ్‌ప్యాడ్‌లకు సంబంధించినవి ఉంచి, సంగీతం, చాటింగ్, గేమ్‌ల ప్రోగ్రాములను డిజేబుల్ చేయవచ్చు. వాటిని తొలగించినట్టు కాదు, పిలిచినప్పుడు మాత్రమే వస్తాయి.

డీఫ్రాగ్ అనే మాట ఇంకా సలహాల్లో వినిపిస్తూనే ఉంది. హార్డ్ డిస్క్‌లో ఒకే ఫైలు ముక్కలు పలకల మీద దూరదూరంగా ఉంటే చదవడానికి సూది అటూఇటూ తిరగాలి కాబట్టి ముక్కలను దగ్గరకు చేర్చడంలో అర్థముంది. ఎస్‌ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు, ఏ ముక్క ఎక్కడున్నా ఒకటే. అక్కడ డీఫ్రాగ్ చేస్తే అనవసరపు రాతలతో దాని ఆయుష్షును తగ్గించడమే అవుతుంది. ఎస్‌ఎస్‌డీకి కావలసినది ‘ట్రిమ్’, అంటే ఏ గదులు ఖాళీ అయ్యాయో సిస్టమ్ దానికి చెప్పడం. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఏది ఏ రకం డిస్కో తానే గుర్తించి వారానికొకసారి తగిన పని చేస్తుంది, మనం దాన్ని ఆపకుండా ఉంటే చాలు. డిస్క్‌లో పదిహేను, ఇరవై శాతం చోటును ఖాళీగా ఉంచడం మాత్రం మన చేతిలోని పని. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ సెన్స్‌ను ఆన్ చేస్తే తాత్కాలిక ఫైళ్లను అదే తీసేస్తుంది. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌ను కూడా చెరిపేలా అందులో ఒక అమరిక ఉంటుంది, కాగితాలన్నీ అక్కడే దాచుకునే అలవాటున్నవారు దాన్ని ‘ఎప్పుడూ వద్దు’ మీద ఉంచాలి. విండోస్ తన అమరికలన్నీ రాసుకునే రిజిస్ట్రీని శుభ్రం చేసి వేగం పెంచుతామనే ప్రోగ్రాముల జోలికి పోకపోవడమే క్షేమం. అవి మిగిల్చే చోటు లెక్కలోకి రానంత తక్కువ, పాడుచేసే అవకాశం మాత్రం ఎక్కువ.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇంకా దాన్నే వాడుతున్నవారు విండోస్ 11కు మారడమో, పొడిగింపు భద్రతా అప్‌డేట్లలో చేరడమో, ఆ యంత్రంలో లినక్స్ వేసుకోవడమో తేల్చుకోవాలి. పాత డెస్క్‌టాప్‌లో ఆపి తెరిచిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోయి, బ్రౌజర్ ప్రతి సైటు దగ్గరా భద్రతా హెచ్చరిక చూపిస్తుంటే వైరస్ అని కంగారు పడనక్కర్లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత ఉండే సీఆర్2032 బ్యాటరీ అయిపోయి ఉంటుంది. ప్లగ్ తీసి, పాతది ఏ వైపు పైకి ఉందో చూసుకుని, అలాగే కొత్తది పెట్టి, తేదీ సరిచేస్తే హెచ్చరికలు పోతాయి.

ఇంత శ్రద్ధగా వాడినా డిస్క్ ఏదో ఒక రోజు చెప్పకుండానే పోతుంది. అందుకే ముఖ్యమైన ప్రతి ఫైలుకూ మూడు ప్రతులుండాలని, అవి రెండు వేర్వేరు రకాల సాధనాల మీద ఉండాలని, ఒకటి ఇంటి బయట ఉండాలని 3-2-1 అనే లెక్క వాడుకలోకి వచ్చింది. కంప్యూటర్‌లో ఒకటి, బయటి హార్డ్ డిస్క్‌లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి ఉంటే ఆ లెక్క సరిపోతుంది. బయటి డిస్క్‌ను బ్యాకప్ తీసినంతసేపే తగిలించి తరువాత ఊడదీయాలి, ఎప్పుడూ తగిలించే ఉంచితే కంప్యూటర్‌కు వచ్చిన ముప్పు దానికీ వస్తుంది. మూడు నెలలకొకసారి ఆ డిస్క్ నుంచి ఏదో ఒక ఫోటోను, ఏదో ఒక పత్రాన్ని వేరే ఫోల్డర్‌లోకి దించి తెరిచి చూడాలి. అది తెరుచుకుంటే ఆ డిస్క్‌ను ఎజెక్ట్ చేసి, దీపం ఆరాక తీసి, మళ్లీ అరలో పెట్టేయవచ్చు.